ఓట్స్ జల్లించిన అబ్బాయి

ఫిల్మ్‌నగర్,
4 నవంబరు 2024

అత్తయ్యా,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోనుండగా ఈ కాగితాలేమిటని అడుగుతావు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నీకు వినపడాలంటే స్పీకరు పెట్టాలి, స్పీకరు పెడితే పక్క గదిలో నాన్న వింటాడు. ఫోనులో చిన్నక్షరాలు నీకు ఆనవు, మెసేజ్ పెడితే చదివిపెట్టేది నాన్నే. ఉత్తరమైతే ముట్టుకోడు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చూడటం తప్పంటాడు కదా, ఆ మర్యాద ఇన్నాళ్లకి నాకు పనికొచ్చింది.

సంగతి అమ్మ చేతులు. ఇన్నేళ్లు హీరోయిన్ల జుట్టుకి కొట్టిన స్ప్రేలూ, కలిపిన రంగులూ ఇప్పుడు పగ తీర్చుకుంటున్నాయి. చలి మొదలవగానే వేళ్ల సందుల్లో పగుళ్లు, మణికట్టు దాకా దద్దుర్లు, ఒకటే దురద. దువ్వెన పట్టుకోలేక షూటింగులకి వెళ్లడం మానేసింది. శ్రీనగర్ కాలనీ డాక్టరు ఎగ్జిమా అన్నాడు. పూత మందు రాసిచ్చి, సబ్బు మానేసి ఓట్స్ పిండిన నీళ్లలో చేతులు నానబెట్టుకోమన్నాడు. ఓట్స్ లోషన్లని అమ్మేవి నేను తెస్తే, అమ్మ మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టేసింది. నేనే మిక్సీలో వేస్తే ఇసుకలా వచ్చింది.

నీకు గుర్తుందా? గడ్డాలు అంటించిన జిగురుకి ఆర్టిస్టుల చర్మం రేగిపోతే నాన్న ఓట్స్ పొడి చేసి, గుడ్డలో కట్టి, పాలలా పిండి అద్దేవాడు. నాకు ఆ పొడి కావాలి. అమ్మకని మాత్రం చెప్పకు.

వాళ్ల సంగతి నీకు తెలియనిదా! మోకాళ్లు మొరాయించి నాన్న మేకప్ పెట్టె మూసేసిన రోజు, సామర్లకోట వెళ్లిపోదామన్నాడు. నాకింకా పనుందంది అమ్మ. "నువ్వెప్పుడు రమ్మంటే అప్పుడొచ్చి తీసుకెళ్తా" అన్నాడు నాన్న. "మీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రండి" అంది అమ్మ. వినేవాళ్లకి రెండూ మంచి మాటలే. నాలుగేళ్లయింది. ఎవరిని అడిగినా ఒకటే జవాబు, "నన్ను పిలవలేదుగా" అని. ఆ పొడి నాన్న చేశాడని తెలిస్తే అమ్మ దాన్ని సింకులో పోసేస్తుంది. అమ్మకని తెలిస్తే నాన్న, తనకే రాయొచ్చుగా అని బిగుసుకుపోతాడు.

వాళ్లు మళ్లీ ఒక ఇంట్లో ఉండాలని నాకు చాలా ఆశ అత్తయ్యా. అంత అడగడానికి భయమేసి, ముందు చేతులు తగ్గితే చాలనుకుంటున్నాను.

నీ మేనకోడలు
వర్ణిక

*

సామర్లకోట,
10 నవంబరు

అమ్మలూ,

నీ ఉత్తరం పోస్టువాడు తెచ్చాడు. నాకు ఉత్తరం రావడం చూసి వాడే ఆశ్చర్యపోయాడు. చెవి మిషను పెట్టుకున్నానో లేదో, వీధిలో ప్రెషర్ కుక్కర్లన్నీ నా బుర్రలోనే కూతపెడుతున్నాయి. తీసేశాను. కాగితమే నయం, నాకెంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా చదువుకుంటాను. భయపడకు, మనసులోనే.

వదిన చేతులు తలుచుకుంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నా పెళ్లికి నా జడ వేసిన చేతులవి. సరే, మీ నాన్నతో ఒక అబద్ధం ఆడాను, నా మీద కోప్పడకు. "వర్ణిక ఆఫీసుకి డబ్బింగుకొచ్చే హీరోయిన్‌కి చర్మం రేగిపోయిందట, పెద్ద హీరోయిన్, పేరు చెప్పకూడదట, నీ ఓట్స్ పొడి అడుగుతోందట" అన్నాను. మీ నాన్న కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే ఆ మోకాళ్లకి నొప్పి ఉందని ఎవరూ అనుకోరు. సాయంత్రానికి టీ కొట్టు దాకా వెళ్లి, "ఇప్పటికీ మనల్ని వదలట్లేదు" అని చెప్పొచ్చాడు కూడా.

ఓట్స్ నేనే తెచ్చాను. తెచ్చి చెడగొట్టాను. పొట్లం మీద ఉల్లిపాయా టమాటా బొమ్మలుంటే అందానికి వేశారనుకున్నాను. అది మసాలా ఓట్స్ అట. ఏదైనా సరే ఆర్టిస్టు మొహం మీద పెట్టే ముందు మీ నాన్న తన చెవి వెనక పూసుకుని ఒక పూట చూస్తాడు కదా. పూసుకున్న కాసేపటికి "జగదా!" అని ఒక కేక, అది నాక్కూడా వినపడింది. చెవి ఎర్రగా పొంగింది. "హీరోయిన్‌ని చంపుదామనా?" అన్నాడు. ఇంట్లో రెండు రోజులు ఉప్మా వాసన.

మర్నాడు తనే వెళ్లి ఉత్త ఓట్స్ తెచ్చి, దోరగా కూడా వేయించకుండా అలాగే విసిరి, జల్లించాడు. పొట్లానికి దారం తనే కట్టాడు. ఆ ముడి వదిన ఎంత దూరం నుంచైనా పోలుస్తుందని నేను విప్పేసి రబ్బరుబ్యాండు వేశాను. గోరువెచ్చని నీళ్లే వాడాలి, ఏ పూటకాపూటే పిండుకోవాలి, తడిది దాచకూడదు. ఆ అమ్మాయికి ఏవేవి పడవో రాయమన్నాడు: పసుపా, శనగపిండా, గంధమా.

నీ అత్త
జగదాంబ

*

ఫిల్మ్‌నగర్,
17 నవంబరు

ఉప్మా అత్తయ్యకి,

నాన్న చెవి ఎలా ఉంది? నవ్వి నవ్వి ఆఫీసులో అందరూ నా వైపు చూశారు. కారణం చెప్పలేక, డబ్బింగులో ఒక డైలాగుకి నవ్వొచ్చిందన్నాను. అది ఏడుపు సీను.

పొడి టోలిచౌకిలో ఒక కొట్లో కొన్నానని అమ్మకి చెప్పాను. వేళ్ల మధ్య రుద్ది చూసి, వాసన చూసి, ఇంకోసారి వాసన చూసింది. "ఇందులో ఏమీ కలపలేదే" అంది. అంటే మెచ్చుకున్నట్టు లెక్క. పొద్దునా సాయంత్రం గిన్నెలో ఓట్స్ పాలు పిండుకుని చేతులు పెట్టుకుని కూచుంటోంది. టీవీ కూడా పెట్టుకోదు. దురద కాస్త నెమ్మదించింది. మా ఎల్లమ్మ గిన్నెలు తోముతూ, "గిదేందమ్మా, పాలల్ల చేతులు వెట్టుకుంటున్నవ్, సినిమాలల్ల రాణి లెక్క" అంటే అమ్మ చాలా రోజుల తరవాత నవ్వింది.

ఇక హీరోయిన్‌గారి సంగతులు నాన్నకి చెప్పు. పసుపు కొంచెం పరవాలేదు. శనగపిండి అయితే చర్మం లాగేస్తుంది. గంధం అస్సలు పడదు, రాసిన చోటల్లా వాతలు తేలతాయి. చిన్నప్పటినుంచీ అంతేనట. పొడి అయిపోవస్తోంది.

నీ
వర్ణిక

*

సామర్లకోట,
22 నవంబరు

అమ్మలూ,

రెండో పొట్లం పంపుతున్నాను. మీ నాన్న సంగతే నాకు బోధపడటం లేదు.

నువ్వు రాసింది పూసగుచ్చినట్టు చెప్పాను. పసుపన్నాను, తలూపాడు. శనగపిండన్నాను, తలూపాడు. గంధం పడదట, వాతలు తేలతాయట అన్నాను. అంతే, చేతిలో పెసరట్టు ముక్క ప్లేటులో పెట్టేసి దొడ్డివైపు వెళ్లి నిలబడ్డాడు. పిలిస్తే రాడు. చివరికి వచ్చి, "ఎక్కడ వస్తున్నాయి పగుళ్లు, వేళ్ల సందుల్లోనా?" అన్నాడు. అవునన్నాను. నువ్వు మొదటి ఉత్తరంలో రాశావు కాబట్టి అన్నాను. తప్పు చెప్పానా?

ఇలాంటి మొండి చర్మం తన వల్ల కాదని దిగులుపడ్డాడని నా అనుమానం. లేకపోతే తెర మీద పేరు వెయ్యరేమో అన్న బాధ. టీ కొట్టుకి వెళ్లడం మానేశాడు. ఆ కొట్టువాడే నన్ను అడిగాడు, హీరోయిన్‌గారికి తగ్గిందా అని. మీ నాన్నని అడిగితే, "ఆవిడ సంగతి ఊళ్లో వాళ్లకెందుకు?" అని కసిరాడు. నీకన్నా చిన్నపిల్ల అయ్యుంటుంది ఆ హీరోయిన్, ఈయనకి "ఆవిడ" ఎప్పుడయిందో!

ఈసారి మాత్రం తన పాత పట్టుపంచె చింపి, ఆ గుడ్డలో రెండు సార్లు జల్లించాడు. ఊదితే ఎగిరిపోతుంది, జాగ్రత్త. చేతులు నానబెట్టాక తుడవకూడదట, మెత్తటి బట్టతో అద్దుకుని, ఆ తడి ఆరకముందే డాక్టరు మందు రాసుకోవాలట. "ఆవిడకి తొందరెక్కువ, తడి ఆరేదాకా ఆగదు, ఆరిపోయాక రాస్తుంది, గట్టిగా చెప్పు" అన్నాడు. చూడని మనిషి తొందర ఈయనకెలా తెలుసో!

నీ అత్త
జగదాంబ

*

ఫిల్మ్‌నగర్,
30 నవంబరు

అత్తయ్యా,

అమ్మ మూడు రోజుల కిందట నా తల దువ్వింది! పగుళ్లు మూసుకున్నాయి. మణికట్టు దగ్గర ఎరుపు మిగిలిందంతే. నేను చిన్నపిల్లలా పీట వేసుకుని కూచున్నాను, కదిలితే ఆపేస్తుందేమోనని. నాకు ఏడుపొచ్చిందని నీకు కాక ఎవరికి రాస్తాను?

కానీ దువ్వుతూ దువ్వుతూ కొత్త గొడవ తెచ్చిపెట్టింది.

"ఆ అబ్బాయెవరే?" అంది.

"ఏ అబ్బాయమ్మా?"

"నాటకాలొద్దు. ఈ పొట్లం మీద కొట్టు పేరు లేదు. బిల్లు లేదు. ఏ కొట్టువాడూ పట్టుగుడ్డలో పొడి జల్లించడు. ఇదిగో, పట్టు పోగు కూడా ఉంది చూడు. ఎవరో మనిషి కూచుని చేసిందిది. నా కోసమెందుకు చేస్తాడు? నీ కోసమే."

నేను తల దించుకున్నాను. అది సిగ్గనుకుంది.

"నాకేం అభ్యంతరం లేదే. కులం అడగను, జీతం అడగను. ఇంత మెత్తగా జల్లించాడంటే ఓపికున్నవాడు. తడి ఆరకముందే మందు రాయమని చెప్పి పంపాడంటే, ఎదుటి మనిషి కష్టం తెలిసినవాడు." ఒక చిక్కు విడదీసి, "మీ నాన్నకి ఉండేది ఆ ఓపిక" అంది.

నేను తల తిప్పబోతే దువ్వెనతో నెత్తిన ఒకటిచ్చింది. ఇప్పుడు టోలిచౌకి అబ్బాయి అని పేరు పెట్టి రోజూ అడుగుతోంది. భోంచేశాడా అని కూడా అడిగింది నిన్న. నేనేం చెప్పను?

నీ
వర్ణిక

*

సామర్లకోట,
5 డిసెంబరు

నా బంగారుతల్లీ,

ఇంత శుభవార్త చివర్లో రాస్తావా! ఎవరమ్మా ఆ అబ్బాయి? టోలిచౌకిలో ఏం చేస్తాడు? ఇంటిపేరేమిటి? నాకు మాత్రం చెప్పకుండా ఎలా ఉండగలిగావు? వదిన ఒప్పుకుందంటే ఇంక అడ్డేముంది! సంతోషం పట్టలేక మీ నాన్నకి చెప్పేశాను. "వర్ణికకి సంబంధం కుదురుతోంది, ఎవరో టోలిచౌకి అబ్బాయి, చాలా ఓపికమంతుడట, వదినకి తెగ నచ్చేశాడట" అన్నాను.

సంతోషిస్తాడనుకుంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నాకు చెప్పాలని వాళ్లిద్దరికీ తోచలేదన్నమాట" అన్నాడు. ఆ మాటకి నాకే మనసు చివుక్కుమంది. అయినా ఓట్స్ విసరడం మానలేదు. హీరోయిన్‌ది ఈ నెల పొట్లం ఇదిగో.

మీ నాన్నకి నువ్వే నాలుగు ముక్కలు రాయి. కూతురి పెళ్లి ఇంకొకరి నోట వినడం ఏ తండ్రికైనా కష్టమే.

నీ అత్త
జగదాంబ

*

ఫిల్మ్‌నగర్,
9 డిసెంబరు

అత్తయ్యా! అబ్బాయి లేడు! ఏ అబ్బాయీ లేడు! ఆ ఉత్తరం మళ్లీ చదువు, ఈసారి కళ్లజోడు పెట్టుకుని. అమ్మ అల్లుడనుకుంటున్నది పొడి జల్లించిన మనిషిని. పొడి జల్లించింది నాన్న!

నవ్వకు. ఇక్కడ కొంప మునిగింది. ధనుర్మాసం వచ్చేస్తే నెల రోజులు మంచి మాట అనుకోకూడదట. అందుకని ఈ ఆదివారం, పదిహేనో తారీఖు, ఆ అబ్బాయిని ఇంటికి తీసుకురమ్మంది. "పెళ్లిచూపులేం కాదు, ఊరికే చూస్తాను, ఆ పొడి చేసిన చేతులకి ఒకసారి దణ్ణం పెట్టుకోవాలి" అంది. అమ్మ నోట ఆ మాట విన్నాక లేడని ఎలా చెప్పను? చెబితే పొడి ఎవరిదని అడుగుతుంది. నాన్నదంటే, ఇన్నాళ్లు ఇద్దరూ కలిసి నన్ను ఆడించారా అంటుంది. ఇక గుమ్మం దగ్గర మిగిలిన ఆ కాస్త సందు కూడా మూసుకుపోతుంది.

నాన్నకి అంతా చెప్పెయ్ అత్తయ్యా. తిట్టినా సరే. ఆయన్ని నొప్పించి నేను తట్టుకోలేకపోతున్నాను. ఏం చెయ్యాలో ఆయన్నే అడుగు.

వర్ణిక

*

సామర్లకోట,
12 డిసెంబరు

అమ్మలూ,

బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను, రేపటికి అందుతుంది.

చెప్పేశాను. చెవి మిషను పెట్టుకుని మరీ చెప్పాను, తిడితే సరిగ్గా వినపడాలని. తిట్టలేదు. "హీరోయిన్ లేదని నాకు తెలుసు జగదా. గంధం పడదన్నప్పుడే తెలిసింది. మా పెళ్లిలో మీ వదినకి మెడ నిండా వాతలు తేలితే పీటల మీద నుంచి లేపి నేనే ఓట్స్ నీళ్లద్దాను" అన్నాడు. ఇంత తెలిసీ మూడు వారాలు నా అబద్ధాలన్నీ బుద్ధిగా వింటూ కూచున్నాడమ్మా ఈ మహానుభావుడు! ఎందుకు చెప్పలేదంటే, "చెబితే నువ్వు పంపడం మానేస్తావేమో అని" అన్నాడు.

టోలిచౌకి అబ్బాయి ఎవరో చెప్పాను. చేతిలోని పట్టుగుడ్డ మడిచి పక్కన పెట్టాడు. తరవాత అడిగింది ఒక్కటే. "అంటే, పిలిచిందా?"

"పొడి చేసినవాణ్ణి రమ్మంది" అన్నాను.

"అయితే పిలిచినట్టే" అన్నాడు.

శనివారం రైలుకి టిక్కెట్టు దొరికింది. గడ్డం గీయించుకోవడానికి వెళ్లాడు. ఏం జరిగినా వెంటనే రాయి.

జగదాంబ

*

ఫిల్మ్‌నగర్,
17 డిసెంబరు

అత్తయ్యా,

రెండు రోజులు ఆలస్యమైంది, క్షమించు. ముందు ఒక మాట. ఇల్లు ఖాళీగా ఉంటుందని నాకు తెలుసు. నీకూ టిక్కెట్టు తీస్తున్నాను, కాదనకు. ఇక విను.

ఆదివారం పొద్దున్నే అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుంది. కేసరి చేసింది. ఎల్లమ్మ బజ్జీలకి మిరపకాయలు చీలుస్తూ, "అల్లుడు ఎప్పుడొస్తడమ్మా? జర ముందుగాల చెప్తే వేడివేడిగ ఏస్తా" అని ఒకటే గోల. నేను మాత్రం కిటికీ దగ్గరే అతుక్కుపోయాను. బెల్ మోగింది. ఎల్లమ్మే తలుపు తీసింది.

"అమ్మా, ఎవరో పెద్దాయన వచ్చిండు. అబ్బాయి నాయన గావచ్చు."

అమ్మ కొంగు సర్దుకుంటూ, నమస్కారానికి చేతులు జోడించి వచ్చింది. గుమ్మం బయట నాన్న. ఇస్త్రీ పంచె, చేతిలో గుడ్డసంచి, గీయించుకున్న గడ్డం మీద చిన్న గాటు. అమ్మ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"మీరేంటి?"

"చూస్తానన్నావట."

"నేనా?"

"పొడి చేసినవాణ్ణి రమ్మన్నావటగా."

అమ్మ నా వైపు తిరిగింది. నేను గచ్చు వైపు చూశాను. అమ్మ వంటింట్లోకి వెళ్లింది. సింకు కుళాయి చప్పుడు కోసం నా చెవులు రిక్కించుకుని ఉన్నాయి అత్తయ్యా, అయిపోయిందనుకున్నాను. పొడి డబ్బా పట్టుకుని వచ్చి టీపాయి మీద పెట్టింది.

"ఇది మీరు చేసిందా?"

"నేనే."

"ఎవరికనుకుని?"

"మొదట హీరోయిన్‌కే. గంధం పడదన్నాక నీకే."

"తెలిసి కూడా ఒక్క మాట రాయలేదు మీరు."

"పొడి పంపాను కదా" అన్నాడు నాన్న, ఇంకా గుమ్మం బయటే నిలబడి. "నాకు రాయడం ఏం వచ్చు సుందరీ."

ఆ పేరు విని నాలుగేళ్లయింది. అమ్మ ఏడవలేదు. కోపంగా ముక్కు తుడుచుకుని, "ఆ మోకాళ్లతో ఎంతసేపు నిలబడతారు, కూచోండి" అంది. కూచున్నాక నాన్న కళ్లజోడు పెట్టుకుని చెయ్యి చాపాడు. అమ్మ ఇటూ అటూ చూసి, తన చెయ్యి ఆ చేతిలో పెట్టింది. నాన్న కిటికీ వెలుతురుకి తిప్పి, ఒక్కో వేలూ విడదీసి చూశాడు. మేకప్ ముందు ఆర్టిస్టుల మొహాలు అలా చూసేవాడని నువ్వు చెప్పేదానివి, నేను చూడటం ఇదే మొదలు. చూడటం ఎప్పుడో అయిపోయింది, చెయ్యి మాత్రం వదల్లేదు. అమ్మ కూడా లాక్కోలేదు.

ఎల్లమ్మ బజ్జీల పళ్లెంతో వచ్చి, "గిదేంది, పెళ్లికొడుకు ఏడి?" అంది.

"ఈయనే" అంది అమ్మ.

ఎల్లమ్మ పళ్లెం అక్కడే పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. కాసేపు ముగ్గురం బజ్జీలు తిన్నాం. నీళ్ల గ్లాసు అందిస్తూ అమ్మ అడిగింది, "ఎన్నాళ్లుంటారు?" అని.

"నీ చేతులు తగ్గేదాకా."

అమ్మ గ్లాసు వంక చూస్తూ అంది, "ఇది పూర్తిగా తగ్గేది కాదన్నాడండీ డాక్టరు. చలికాలం వచ్చినప్పుడల్లా మళ్లీ వస్తూనే ఉంటుందట."

"నేనూ అలాగే విన్నాను" అన్నాడు నాన్న.

"అయితే ఆ సంచి గుమ్మంలో ఎందుకు? లోపల పెట్టండి" అంది అమ్మ.

నీ
వర్ణిక